ఎనిమిదో రోజు

మేడమీది గది,
బుధవారం

పెద్దమ్మా,

ఫోన్ చేస్తే నా గొంతు వినే సంగతి పట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని నీకు చదివి వినిపించే టైలరుగారికి నమస్కారం. మధ్యలో సొంత మాటలు కలపొద్దని ఆయనకి నా మనవి.

నీటి ఫిల్టర్ల కంపెనీ మా బ్రాంచి మూసేసింది. రెండు నెలలైంది. నాలుగేళ్లు ఆ ఫిల్టరు పట్టుకుని నేను ఎక్కని మెట్లు లేవు. చివరి రోజు మేనేజరు అందరికీ చేయి కలిపి, "మీలాంటి వాళ్లకి ఉద్యోగాలు గుమ్మంలో ఉంటాయి" అన్నాడు. ఎవరి గుమ్మంలోనో చెప్పలేదు.

ఇప్పటికి ఆరు ఇంటర్వ్యూలకి వెళ్లాను. ఒకాయన తను తాగుతున్న గ్లాసు నా ముందుకు తోసి, "ఇది నాకు అమ్ము చూద్దాం" అన్నాడు. సగం తాగిన నీళ్లు. "దాహం తీరిందా సార్?" అన్నాను. తీరిందన్నాడు. "అయితే మీకు అమ్మకూడదు" అన్నాను. నవ్వాడు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. ఇంకోచోట పెళ్లెప్పుడని నన్ను అడిగారు, నా పక్కన కూర్చున్న మగవాణ్ణి అడగలేదు. మూడోచోట మీ ఇంట్లో ఇంకెవరైనా సేల్స్‌లో ఉన్నారా అంటే, మా పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా నెత్తిన మూట పెట్టుకుని వీధివీధీ గిన్నెలు అమ్ముతుందని చెప్పాను. "అది సేల్స్ కాదమ్మా" అన్నాడు. ఆ మాట ఇంకా మండుతోంది పెద్దమ్మా. ఎండలో నువ్వు మోస్తే అది అమ్మకం కాదు, చల్లటి గదిలో అతను గోడమీద గీతలు గీస్తే అమ్మకం!

ఇప్పుడు ఏడోది. షాపులకి కరెంటు తూకం మెషీన్లు అమ్మే కంపెనీ. మాటలొద్దు, పని చూపించమన్నారు. వచ్చే మంగళవారం వాళ్ల శాంపిల్ మెషీన్ పట్టుకుని రోజంతా బజారులో తిరిగి ఆర్డర్లు రాయించుకు రావాలి. అది చూసి ఉద్యోగం ఇస్తారు. నాకు నచ్చింది. పని చూస్తామన్నది వీళ్లొక్కరే. నువ్వేమంటావు?

నీ వాగుడుకాయ


టైలరు కొట్టు,
శుక్రవారం

ఒసే వాగుడుకాయా,

రెండు నెలలు దాచావా? చిన్నప్పుడు నీ నోట్లో మాట రెండు నిమిషాలు ఆగేది కాదు. చదువుకుని నేర్చింది ఇదా? తింటున్నావో లేదో రాయలేదు. ముందు అది రాయి.

ఇక విను. లోపలికి వెళ్లగానే నోరు విప్పకు. గది చూడు. నేను గుమ్మంలో నిలబడి వంటిల్లు చూస్తాను. మాడిన గిన్నె కనిపిస్తే ఆవిడకేం కావాలో ఆవిడకన్నా ముందు నాకు తెలిసిపోతుంది. నువ్వూ అక్కడ పనిచేసేవాళ్ల మొహాలు చూడు. నవ్వు మొహాలా, ఏడుపు మొహాలా, అసలు మొహాలే లేవా?

మూట మొత్తం ఒకేసారి విప్పకు. మూత చూపించి గిన్నె అడిగించుకోవాలి.

వాళ్లు నిన్ను వంద అడుగుతారు. నువ్వు ఒక్కటే అడుగు. "ఈ కుర్చీలో నాకన్నా ముందు ఎవరు కూర్చున్నారు, ఎందుకు లేచారు?" కొత్త వీధికి వెళ్తే నేను మొదట అడిగేది అదే. ఇక్కడికి ఇంతకుముందు గిన్నెలమ్మి ఎవరొచ్చేది, ఎందుకు మానేసింది అని. ఆ జవాబులో ఆ వీధి జాతకమంతా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్దది ఎనిమిదో రోజు. అమ్మిన రోజుతో కలిపి లెక్కపెట్టి, ఎనిమిదో రోజు అదే గుమ్మానికి ఖాళీ చేతులతో వెళ్లాలి. మూట ఉండకూడదు. గిన్నె ఎలా ఉందమ్మా అని అడగాలి. మెచ్చుకుంటే సంతోషం, తిడితే పడాలి. అప్పుడే అమ్మినట్టు. అంతదాకా గిన్నె అక్కడ దింపి వచ్చినట్టే.

నీ పెద్దమ్మ

(సొంత మాటలు కలపొద్దన్నావు కాబట్టి ఒక్కటే కలుపుతున్నాను. ‘అది సేల్స్ కాదు’ అన్నవాడి కొలతలు పంపించు. మంచి చొక్కా కుట్టిపెడతాను, చేతులు లేకుండా. — టైలరు)


మేడమీది గది,
మంగళవారం సాయంత్రం

పెద్దమ్మా,

పదకొండు! ఒక్క రోజులో పదకొండు ఆర్డర్లు! కాళ్లు బొబ్బలెక్కాయి, అయినా నేలమీద ఆనడం లేదు.

పాత బజారు సందంతా తిరిగాను. మెషీన్ మంచిది పెద్దమ్మా. స్టీలు పళ్లెం, కరెంటు పోయినా నాలుగు గంటలు పనిచేస్తుంది. ఇనుప సామాను కొట్టులో ఒక తాతగారున్నారు. మేకులు తూచి అమ్ముతారు. నలభై ఏళ్లుగా త్రాసూ రాళ్లే. "అంకెలు చూపించే పెట్టెల్ని నమ్మను పిల్లా" అన్నారు. "నమ్మొద్దు తాతగారూ, మీ రాళ్లతోనే పరీక్ష పెట్టండి" అన్నాను. ఒక్కో రాయీ పెట్టి చూశారు. చివరికి, "నా రాళ్లు అబద్ధం చెప్పవు, దీనికీ ఆ బుద్ధే ఉన్నట్టుంది" అని సంతకం పెట్టారు. పక్కన బేకరీ ఆవిడ ఆయన్ని చూసి పెట్టింది, ఆవిణ్ణి చూసి పిండిమిల్లు ఆయన.

ప్రతి ఆర్డరు కాగితం మీదా స్టీలు పళ్లెం, నాలుగు గంటల బ్యాటరీ అని పొల్లు పోకుండా రాశాను, వాళ్ల నకలు వాళ్లకిచ్చాను. నువ్వు వేలిముద్ర వేసే ప్రతి కాగితం నేను మొదట్నుంచి చివరిదాకా చదివి చెప్పేదాన్ని కదా, ఆ అలవాటు. ప్రతి కొట్టులోనూ ఎనిమిదో రోజు వస్తానని కూడా చెప్పాను.

కుర్చీ ప్రశ్న మాత్రం అడగలేదు. నోటిదాకా వచ్చింది. ఉద్యోగం చేతికి రాకముందే ఎదురుప్రశ్న ఎందుకని మింగేశాను. చేరాక అడుగుతాను, సరేనా?

నీ వాగుడుకాయ


మేడమీది గది,
గురువారం

పెద్దమ్మా,

ఉద్యోగం రాలేదు. ఫోన్‌కి రెండు వాక్యాలు వచ్చాయి. ‘మీ ఉత్సాహానికి అభినందనలు. అయితే ఈ పనికి కావలసిన ఆకలి మీలో కనిపించలేదు.’

ఆకలి! తింటున్నానా అని అడిగావు, జవాబు దాటేశాను. పొద్దున తిన్నరోజు రాత్రి తినడం లేదు. నాలో ఆకలి కనిపించలేదట! ఏ కళ్లద్దాలు పెట్టుకుని చూశారు? పదకొండు కొట్లు ఒప్పించినదానికి ఆకలి లేకపోతే ఎన్ని కొట్లకి ఉంటుంది? ఉండబట్టలేక ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఒకే అమ్మాయి, "సార్ ఇంటర్వ్యూలో ఉన్నారండీ" అంది.

ఎనిమిదో రోజు వెళ్లను. కోపం తెచ్చుకోకు. నేను వాళ్ల మనిషినే కాదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

నేను


టైలరు కొట్టు,
శనివారం

వాగుడుకాయా,

నీ మొహం పెట్టుకుని వెళ్లు. ఇంకెవరి మొహం ఉంది నీకు?

ఆ మేకుల ముసలాయన కంపెనీని చూసి సంతకం పెట్టాడా, నిన్ను చూసి పెట్టాడా? ఆ సందులో కంపెనీ మొహం ఎవరికైనా తెలుసా? నీకు ఉద్యోగం ఇవ్వకపోవడం వాళ్ల తప్పు. వస్తానన్నచోటికి వెళ్లకపోతే అది నీ తప్పు. వాళ్ల తప్పు తెచ్చి నీ తప్పుకి తొడుగు కుట్టకు. ఇవి నా మాటలే, టైలరువి కావు.

రాత్రిళ్లు తిను. పస్తులుంటే కోపం కూడా నీరసంగా వస్తుంది.

పెద్దమ్మ

(ఆవిడ సంతకంగా వేలిముద్ర వేసి వెళ్లాక ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లుగా చూస్తున్నాను. మీ పెద్దమ్మ పాల డిపో వెనక సందులో అడుగుపెట్టదు. దగ్గరి దారి అదే అయినా నెత్తిన అంత బరువుతో చుట్టూ తిరిగి వెళ్తుంది. ఒకసారి అడిగితే, "అక్కడ నాకో ఎనిమిదో రోజు బాకీ ఉంది" అంది. నీకు చెప్పొద్దంది. చెప్పకుండా రాశాను, రాయొద్దని అనలేదు కాబట్టి. — టైలరు)


మేడమీది గది,
మంగళవారం

పెద్దమ్మా,

వెళ్లాను. వెళ్లకపోయి ఉంటే ఈ జన్మలో తెలిసేది కాదు.

తాతగారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. మర్యాదకి కాదు. "వచ్చావా! రావనుకున్నాను. ఇంత ధైర్యం ఉన్నదానివి ఇలాంటి పని ఎందుకు చేశావే?" అన్నారు. నాకేం అర్థం కాలేదు. బల్లమీద ఒక మెషీన్ ఉంది. ప్లాస్టిక్ పళ్లెం. వైరు తీస్తే ఆరిపోతుంది. నాకు ఉద్యోగం లేదన్న మర్నాడే నా పదకొండు ఆర్డర్లూ డెలివరీ చేశారు పెద్దమ్మా, శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి!

ఒకే మేకుల సంచి నాలుగుసార్లు పెట్టి చూపించారు. నాలుగు అంకెలు వచ్చాయి. "నలభై ఏళ్లలో నన్ను దొంగ అన్నవాడు లేడు. నిన్న ఒక వడ్రంగి అన్నాడు, అందరి ముందు. నీ మాట నమ్మి నా రాళ్లు అటకెక్కించాను" అన్నారు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నిలబడి తిట్లన్నీ పడ్డాను. తర్వాత, నేను ఆ కంపెనీ మనిషిని కానని, ఇంటర్వ్యూకి వచ్చినదాన్నని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే అతనెవరు?" అని వీధిలోకి చూపించారు.

ఎదురు వరసలో టై కట్టుకున్న ఒకాయన, చేతిలో అదే సంచి, అదే స్టీలు పళ్లెం శాంపిల్. ముప్పై అయిదేళ్లుంటాయి, చెమటతో కాలరు తడిసిపోయింది. పరుగెత్తి వెళ్లి అడిగాను. "నేనా? ఇంటర్వ్యూలో ఉన్నానండీ. ఇవాళ పని చూపిస్తే ఉద్యోగమన్నారు" అన్నాడు. గెలిచినవాడిలా నవ్వాడు కూడా. పోయిన మంగళవారం నేనూ అలాగే నవ్వాను.

అర్థమైందా? వాళ్లకి అమ్మేవాళ్లు లేరు, ఇంటర్వ్యూలున్నాయి. రోజుకొక కొత్త మనిషి, రోజుకొక కొత్త ఆశ. జీతం లేదు, రేపు మొహం చూపించాల్సిన పని లేదు. ఆకలి కనిపించలేదని రెండు వాక్యాలు పంపితే సరి.

ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్లాం. మేనేజరు బయటికైనా రాలేదు, తలుపు సందులోంచి మాట్లాడాడు. "శాంపిల్ తీసుకునేటప్పుడు, ఇది పరీక్షలో భాగమని మీరే సంతకం పెట్టారు. ఆ మెషీన్ల గురించి అడగడానికి మీరెవరు? మా ఉద్యోగా?" తలుపు వేసేశాడు. చెయ్యి పెట్టి ఆపబోయాను, వేళ్లు నలిగాయి. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, అందుకే ఇంత వంకర.

ఏం చెయ్యను?

నేను


టైలరు కొట్టు,
గురువారం

తల్లీ,

వేళ్లకి ముందు మందు రాయించుకో.

నిన్ను ‘నువ్వెవరు’ అన్నాడు కదా. సరే. నువ్వు ఎవరూ కావు. కొన్నవాళ్లు ఎవరో ఒకరు కదా? వాళ్ల దగ్గర నీ చేతిరాత ఉంది కదా? స్టీలు పళ్లెమని రాసి ఉంది కదా? ఒంటరిగా వెళ్తే గొడవపడ్డ ఆడపిల్ల అంటారు. పదకొండు మంది వెళ్తే బేరం అంటారు.

ఇంకోటి. తూకంలో మోసం జరిగితే నోటితో చెప్పకూడదు. తూచి చూపించాలి. అరిచేవాడి మాట వినేవాడికి చెవి నొప్పి. అంకె చూసినవాడికి కళ్లు తెరుచుకుంటాయి.

ఆ టై అబ్బాయిని కూడా తీసుకెళ్లు.

పెద్దమ్మ

(ఇది రాయిస్తూ ఆవిడ మధ్యలో రెండుసార్లు లేచి గుమ్మందాకా వెళ్లి వచ్చింది. కోపమనుకుంటాను. వేరే ఏదైనా కూడా అయ్యుండొచ్చు. — టైలరు)


మేడమీది గది,
సోమవారం

పెద్దమ్మా,

కుడిచేత్తో రాస్తున్నాను. నింపాదిగా చదివించుకో.

ఇవాళ పొద్దున వాళ్ల ఇంటర్వ్యూ గదిలో పదిహేను మంది కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, ఒళ్లో ఫైళ్లు. పదకొండు కొట్లవాళ్లూ పదకొండు మెషీన్లు చంకన పెట్టుకుని ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్లారు. చివర టై ఆయనా, నేనూ. తాతగారు మేకుల సంచి బల్లమీద ధన్‌మని పెట్టి, నాతో ఫోన్‌లో మాట్లాడిన ఆ రిసెప్షన్ అమ్మాయితో, "మీ మెషీన్లే, మీ గదే. ప్లగ్గెక్కడుందో చూపించమ్మా" అన్నారు. ఆ అమ్మాయి లేచి వచ్చి చూపించింది.

ఒకే సంచి. మొదటి మెషీన్ మీద ఒక అంకె, రెండోదాని మీద ఇంకోటి. మూడోది అసలు ఒకచోట నిలవలేదు. నాలుగోదానికల్లా కూర్చున్నవాళ్లు లేచి చుట్టూ మూగి, వేలంపాటలాగా అంకెలు పైకి చదవడం మొదలుపెట్టారు. ఏడోదాని మీద సంచి ఒక చంటిపిల్లంత బరువు పెరిగింది. బేకరీ ఆవిడ నవ్వు ఆపుకోలేక, "పెంచి పోషిస్తోంది, పాపం!" అంది.

మేనేజరు బయటికొచ్చాడు. "ఏంటిది, ఇదేమన్నా సంతా?"

"సంతలో అయితే ఇలాంటి రాయి పెట్టినవాణ్ణి ఈపాటికి తరిమేవాళ్లు బాబూ" అన్నారు తాతగారు.

ఆర్డరు కాగితాలు తీశాం. పదకొండింటి మీదా నా చేతిరాత. వాటిని కొత్తగా వచ్చిన పదిహేను మందీ చేతులు మార్చుకుని చదువుతుంటే అతని మొహం రంగు మారింది. శాంపిల్‌లాంటి మెషీన్లే నాలుగు రోజుల్లో ఇస్తానని రాసి సంతకం పెట్టాడు. ఈసారి మేం చదివాకే పెట్టించాం.

తర్వాత నన్ను గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. గొంతు తగ్గించి, "ఇవాళ మీలో ఆకలి చూశాను. రేపే చేరండి. ముందు వాళ్లందర్నీ బయటికి పంపించండి" అన్నాడు.

నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం ఆగాను. గది అద్దె గుర్తొచ్చింది, రాత్రి భోజనం గుర్తొచ్చింది. కుర్చీ వీపు మీద చెయ్యి కూడా వేశాను. చెయ్యి వేశాకే నీ ప్రశ్న గుర్తొచ్చింది.

"ఈ కుర్చీలో నాకన్నా ముందు ఎవరు కూర్చున్నారు సార్? ఎందుకు లేచారు?"

"అదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు.

గుమ్మంలోంచి జవాబొచ్చింది. ఆ రిసెప్షన్ అమ్మాయి. "ఎవరూ కూర్చోలేదండీ. నేను చేరి మూడేళ్లయింది. ఇంటర్వ్యూలు చేశాం గానీ ఒక్కర్నీ చేర్చుకోలేదు." ఆ మాట చెప్పి చేతిలో ఉన్న ఫైళ్ల దొంతర అతని బల్లమీద పెట్టింది, మళ్లీ మోయనన్నట్టు. అంతవరకూ గొడవ పడాలనే ఉంది నాకు. ఆ మాట విన్నాక అరవడానికి కూడా మనసు రాలేదు. ఎంతమంది పెద్దమ్మా? మూడేళ్లలో ఎంతమంది ఇస్త్రీ చొక్కాలు, ఎంతమంది ఇళ్లకెళ్లి నాలో ఏదో లోటుందని ఏడ్చి ఉంటారు?

బయటికొచ్చి చూస్తే పదిహేను కుర్చీలూ ఖాళీ.

ఎల్లుండి రంగుల కంపెనీలో ఇంటర్వ్యూ. ఫారంలో ‘మీ గురించి చెప్పగలవాళ్లు’ అని రెండు గీతలున్నాయి. తాతగారు నా పేరు రాయి అన్నారు. బేకరీ ఆవిడ నన్నెందుకు వదిలేస్తున్నావని పోట్లాడింది. పిండిమిల్లు ఆయన అలిగాడు. చివరికి ఇంకో కాగితం జత చేసి పదకొండు పేర్లూ రాశాను. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. మొదటి ప్రశ్న మాత్రం నాదే.

ఇంకొక్క మాట. టైలరుగారిని తిట్టకు. పాల డిపో వెనక సందు సంగతి నాకు తెలుసు. ఏం జరిగిందో నేను అడగను. ఎనిమిదో రోజు నన్ను పంపినదానివి నువ్వు, అంతే గుర్తు చేస్తున్నాను.

నీ వాగుడుకాయ


టైలరు కొట్టు,
ఆదివారం

వాగుడుకాయా,

టైలరుని తిట్టాను. నువ్వు వద్దన్నావని కొంచెం తగ్గించి తిట్టాను. ఇప్పుడు తలొంచుకుని రాస్తున్నాడు. ఇందులో ఒక్క ముక్క కలిపినా సూదులన్నీ వంచేస్తానని చెప్పాను.

నిన్ను బడిలో వేసిన ఏడాది అది. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఎవరో చవగ్గా ఇస్తామంటే ఒక లాటు బకెట్లు తెచ్చాను. పద్నాలుగు. ఒక్క పూటలో ఆ సందులోనే అమ్ముడుపోయాయి. ప్రతి గుమ్మంలోనూ ఎనిమిదో రోజు వస్తానని చెప్పాను. మూడో రోజు మనింట్లో ఉంచుకున్న బకెట్టు అడుగు కారింది. అప్పటికే ఫీజు కట్టేశాను. నువ్వు కొత్త పలక పట్టుకుని వీధంతా చూపించి వస్తున్నావు.

ఎనిమిదో రోజు వెళ్లలేదు. తొమ్మిదో రోజు వెళ్దామనుకున్నాను. తర్వాత ఏడాది. తర్వాత మరీ సిగ్గయింది.

నీకు రాయించేటప్పుడల్లా నా మాట నాకే గుచ్చుకునేది. వాళ్లకీ నాకూ తేడా ఏమిటి? ఆ మేనేజరు తలుపు వేసుకున్నాడు, నేను దారి మార్చుకున్నాను. అంతేగా?

నిన్న వెళ్లాను. మూట ఇంట్లో దింపేశాను. నెత్తిమీద ఏమీ లేకపోతే నడక కుదరలేదు, తాగినదానిలా తూలుకుంటూ వెళ్లాను. సగం ఇళ్లలో మనుషులు మారిపోయారు. ఒకచోట గుర్తుపట్టలేదు, ఒకచోట నవ్వి పొమ్మన్నారు. చివరింటి గోడమీద నా బకెట్టుంది. మట్టి పోసి ఏదో మొక్క పెట్టారు. ఏపుగా ఉంది. అడుగు కారడం మొక్కకి మంచిదేనేమో.

ఆవిడ బయటికొచ్చింది. జుట్టంతా తెల్లబడిపోయింది. నన్ను చూసింది. నా రెండు చేతులూ చూసింది, వెనక ఏమైనా దాచానేమోనని పక్కకి వంగి కూడా చూసింది.

"ఇన్నాళ్లకా వచ్చింది నీ ఎనిమిదో రోజు?" అంది.

నేను తలొంచుకున్నాను.

"గుమ్మంలో తిడితే సరిపోదు. చాలా ఉంది. లోపలికొచ్చి కూర్చో" అని కుర్చీ లాగింది.

పెద్దమ్మ